టెక్సాస్ రోడ్డు పక్కన పట్టిన గ్రే బ్యాండెడ్ కింగ్‌స్నేక్‌ని బతికించుకుని, అదే చోటి జతతో పిల్లలు తీయడం ఎలా

ముందే చెప్పేస్తా, కింగ్‌స్నేక్ అంటే కింగ్ కోబ్రా కాదు. మా అమ్మకి మొదటిసారి ఫోన్‌లో చెప్పినప్పుడు "రాచనాగుని ఇంట్లో పెట్టుకున్నావా నాయనా" అని ఫోన్ నాన్నకిచ్చేసింది. దీనికి విషం లేదు, మిగతా పాముల్ని కూడా మింగుతుంది కాబట్టి ఆ పేరు. నేను రాస్తున్నది గ్రే బ్యాండెడ్ కింగ్‌స్నేక్ గురించి, ఇక్కడ అందరూ ఆల్టర్నా అంటారు, పశ్చిమ టెక్సాస్ రాళ్ళ గుట్టల్లో ఉంటుంది, బూడిద రంగు ఒంటి మీద నల్ల పట్టీలు, కొన్నిటికి పట్టీల మధ్యలో కాషాయం. పెద్దదైనా మామూలుగా రెండు మూడు అడుగులే.

ఇండియాలో ఉన్నవాళ్ళు ఇది చదివి పొలం గట్టు మీద పాముని పట్టి డబ్బాలో పెట్టొద్దు దయచేసి. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, పైగా అక్కడ పట్టీలున్న పాము అంటే కట్లపాము అయ్యే ఛాన్స్ చాలా ఉంది. ఇది టెక్సాస్‌లో ఉండే మనవాళ్ళ కోసం, ఇక్కడి రూల్స్ ప్రకారం.

లొకాలిటీ అంటే ఏంటో చెప్తా, ఎందుకంటే ఈ హాబీ మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. మన మామిడిపళ్ళు ఉన్నాయి కదా, బంగినపల్లి అంటే ఒక లెక్క, నూజివీడు రసం అంటే ఇంకో లెక్క, అలాగే ఆల్టర్నాలో లాంగ్‌ట్రీ, జూనో రోడ్, లోమా ఆల్టా, శాండర్సన్, బ్లాక్ గ్యాప్, రివర్ రోడ్, క్రిస్మస్ మౌంటెన్స్, డేవిస్ మౌంటెన్స్ అని. ఒక్కో చోటి పాములకి ఒక్కో పోలిక. గమనిస్తే ఈ పేర్లలో సగం రోడ్లే, రివర్ రోడ్ అంటే ఎఫ్ఎం 170, జూనో రోడ్ అంటే స్టేట్ హైవే 163, బ్లాక్ గ్యాప్ అన్నా ఎఫ్ఎం 2627 మీద తిరిగేవే. ఎందుకంటే టెక్సాస్‌లో 90 శాతం పైన భూమి ప్రైవేటు, కంచె దాటితే ఎవడో ఒకడి రాంచ్, మనం నిలబడగలిగేది రోడ్డు పక్కనే. అంటే లొకాలిటీ గీతలు పాములు గీసుకున్నవి కావు, రోడ్లు వేసినవాళ్ళు గీసినవి. నా లెక్కలో ఒకే రోడ్డు మీద పది పదిహేను మైళ్ళ తేడాలో దొరికినవాటిని ఒకే చోటివి అనుకుని జత కట్టొచ్చు, అదే లాంగ్‌ట్రీ పాముని రివర్ రోడ్ పాముతో కలిపితే మాత్రం పుట్టే పిల్లలు ఎంత అందంగా ఉన్నా ఏ ఊరివీ కాకుండా పోతాయి.

పట్టడానికి వెళ్ళేముందు కాగితాలు. హంటింగ్ లైసెన్స్ కావాలి, దాని మీద రెప్టైల్ అండ్ యాంఫీబియన్ స్టాంప్ అని 10 డాలర్లది ఒకటి కావాలి. 2007లో రోడ్డు పక్క పట్టడం మొత్తం ఆపేశారు, 2011లో ఈ స్టాంప్ పెట్టి మళ్ళీ తెరిచారు, కాబట్టి పాత ముచ్చట్లు చదివి వెళ్ళకండి. రోడ్డు షోల్డర్ మీదో పక్కనున్న మట్టిలోనో దిగి నడవాలి, ముందూ వెనకా మెరిసే పట్టీలున్న వెస్ట్ వేసుకోవాలి, ఒక్కో వైపు 144 చదరపు అంగుళాలు మెరవాలి, కారు లైట్లు కొండ మీద వేసి వెతకడం కుదరదు, తలకి కట్టుకునే లైటే దిక్కు. ట్రాప్‌లు కుదరవు. బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌లో ఒక్క రాయి కూడా తీయకూడదు, పాము సంగతి చెప్పక్కర్లేదు. పక్కనున్న న్యూ మెక్సికోలో ఈ పాము అంతరించే జాబితాలో ఉంది, రాష్ట్రం సరిహద్దు దాటి కారు ఆపే ఆలోచనే పెట్టుకోవద్దు. పట్టినవి అమ్మాలి అనుకుంటే దానికి రూల్స్ వేరు, అది ఇంకో కథ. వెళ్ళే ముందు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళకి ఒక ఫోన్ కొట్టండి, రూల్స్ మారుతుంటాయి.

సీజన్ మే నుంచి జూలై దాకా. కొండని కోసి రోడ్డు వేసిన చోట రెండు పక్కలా సున్నపురాయి గోడలు ఉంటాయి, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఆ పగుళ్ళలోంచి బయటికొస్తాయి. వెన్నెల లేని రాత్రి, వాన వచ్చే ముందు ఉక్కపోత, ఇదీ పాతవాళ్ళ నమ్మకం. నేను నమ్ముతానా అంటే, నమ్మి మూడు ట్రిప్పులు ఖాళీ చేతుల్తో వచ్చా, నాలుగోసారి వెన్నెల్లోనే దొరికింది.

ఇక్కడ ప్రాణాల మీదకొచ్చే విషయం ఒకటి. అవే రాళ్ళల్లో మాటిల్డ్ రాక్ రాటిల్‌స్నేక్ అనే విషపాము ఉంటుంది, అదే బూడిద రంగు, అలాంటివే నల్ల పట్టీలు, లైటు వెలుగులో రాతి పగులులోంచి సగం ఒళ్ళు కనిపిస్తే తేడా తెలీదు. మనూళ్ళో కట్లపాముకీ దాన్ని పోలిన విషం లేని పాముకీ పొరపడతాం చూడండి, ఇక్కడా అదే కథ. తలా తోకా రెండూ కనిపించేదాకా చెయ్యి పెట్టొద్దు. దొరికిన ప్రతి ఆల్టర్నానీ తెచ్చుకోవద్దు కూడా, నేను ట్రిప్పుకి ఒకటి, మహా అయితే రెండు. కడుపుతో ఉన్నట్టు కనిపించే ఆడదాన్ని ఫొటో తీసుకుని వదిలేయడం మంచిది అనేవాళ్ళున్నారు, తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు, తండ్రి కూడా అక్కడిదే కాబట్టి ఆ గుడ్లు నూటికి నూరు పాళ్ళు ఆ చోటివే అవుతాయని వాళ్ళ లెక్క. నాకైతే ఆ టైమ్‌లో దాన్ని నాలుగొందల మైళ్ళు కారులో కుదపడం ఇష్టం ఉండదు.

పట్టిన నిమిషంలోనే రాసుకోవాలి. ఇంటికెళ్ళాక రాద్దాంలే అంటే అయిపోయింది. తేదీ, టైమ్, కౌంటీ, రోడ్డు నంబర్, మైల్ మార్కర్, ఫోన్‌లో జీపీఎస్ అంకెలు, రాతి గోడ మీద ఎంత ఎత్తులో ఉంది, ఒంటి ఫొటో ఒకటి, చోటు ఫొటో ఒకటి. ఆ కాగితం పాముతోపాటే సంచిలో కాకుండా సంచి మెడకి కట్టండి, లోపల పెడితే పొద్దునకి తడిసి గుజ్జు అవుతుంది. సంచి అంటే దిండు గలీబే, కొత్తది కాకుండా నాలుగుసార్లు ఉతికినది, మూతి ముడేసి ఖాళీ ఐస్‌బాక్స్‌లో ఐస్ లేకుండా పెట్టండి. పగలు ఎండలో ఆపిన కారులో పది నిమిషాలు వదిలేసినా పాము చచ్చిపోతుంది.

ఇంటికొచ్చాక మొదటి మూడు నెలలు ఎక్కువమంది చేసే తప్పు ఒకటే, చూసి చూసి చంపడం. అడవి పాము అప్పటిదాకా రాతి పగులులో ఒంటికి రెండు పక్కలా రాయి తగులుతూ బతికింది. దాన్ని పెద్ద గాజు ట్యాంకులో పెట్టి లైటేసి హాల్లో పెడితే భయంతోనే తిండి మానేస్తుంది. చిన్న ప్లాస్టిక్ టబ్ చాలు, బూట్ల పెట్టెకి కొంచెం పెద్దది, మూతకి క్లిప్పులు ఉండాలి, ఎందుకంటే తల దూరే సందు దొరికితే మొత్తం దూరిపోతుంది. కింద పేపర్ టవల్, నీళ్ళ గిన్నె, వేడి పక్కన ఒక దాక్కునే చోటు, చల్లని పక్కన ఇంకోటి, రెండూ ఇరుకుగా, పాము చుట్ట చుట్టుకుంటే పైకప్పు వీపుకి తగిలేంత ఇరుకుగా. వేడి పక్క 29 డిగ్రీల సెల్సియస్, అంటే 85 ఫారెన్‌హీట్ దగ్గర్లో, చల్లని పక్క 24. టబ్ కింద వేడి కోసం వేసే హీట్ టేప్‌కి థర్మోస్టాట్ లేకుండా ప్లగ్ పెట్టొద్దు. మిగతా పాములున్న గదిలో కాదు, వేరే గదిలో, వేరే పటకారుతో, దీన్ని ముట్టుకోవడం అన్నిటికన్నా ఆఖర్న. మడి అనుకోండి, మా అమ్మమ్మ మడి కట్టుకుంటే ఎంత దూరం జరిగేవాళ్ళమో అంత దూరం.

మైట్స్, అంటే ఒంటికి పట్టి రక్తం తాగే చిన్న పురుగులు, ఉన్నాయేమో చూడండి, కళ్ళ చుట్టూ, గడ్డం కింద గాడిలో నల్ల గసగసాల్లాంటివి. నీళ్ళ గిన్నెలో మునిగి కూర్చుంటోందంటే అనుమానించాల్సిందే. వారం అయ్యాక మొదటి రెట్ట దొరకగానే తాజాగా ఉండగానే పాముల్ని చూసే వెట్ దగ్గరికి పట్టుకెళ్ళండి, పరీక్షకి. అడవి పాముల్లో నులిపురుగులు మామూలే, మందు డోసు గ్రాముల లెక్క కాబట్టి నెట్‌లో చూసి మీరే వేయొద్దు. అసలు భయపడాల్సింది క్రిప్టో, అంటే క్రిప్టోస్పోరిడియం అనే కంటికి కనిపించని పరాన్నజీవి తెచ్చే కడుపు జబ్బు. తిన్నది పదే పదే కక్కేస్తుంది, కడుపు మధ్యలో వేలితో తాకితే గట్టి ఉబ్బు, సన్నబడిపోతుంది. పాముల్లో దీనికి నమ్మకమైన మందు లేదు, మామూలు బ్లీచ్‌కీ చావదు, ఒకదాన్నుంచి రూమ్ మొత్తానికి పాకుతుంది. అందుకే ఆ వేరే గది.

తిండి సంగతికి వస్తే, ఇక్కడే ఓపిక అంతా పోతుంది. అడవిలో ఇది తినేది ఎక్కువ తొండల్నీ బల్లుల్నే, రాత్రి పగుళ్ళలో పడుకున్న తొండని వెతికి లాగి తింటుంది. ఎలుక అంటే దానికి తిండి అనే తెలీదు. మొదటి వారం ఏమీ పెట్టొద్దు. తర్వాత ఫ్రీజర్ ఎలుకపిల్లని గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, తుడిచి, దాక్కునే చోటు మూతి దగ్గర పెట్టి లైటు తీసేసి వెళ్ళిపోండి. పొద్దున్న అలాగే ఉంటే బాధపడకండి, అలాగే ఉంటుంది.

అప్పుడు బల్లి వాసన. టెక్సాస్‌లో మీ ఇంటి పోర్చ్ లైటు దగ్గర పురుగుల కోసం తిరిగే బల్లి ఉంది చూశారా, అచ్చం మనింటి బల్లే, మెడిటరేనియన్ గెకో అంటారు, బయటి దేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది మనలాగే. అది తోక తెంపుకుని పోతే ఆ తోకని చిన్న కవర్లో ఫ్రీజర్‌లో పడేయండి. నా ఫ్రీజర్‌లో కరివేపాకు డబ్బా వెనక ఉంటుంది ఆ కవరు, మా ఆవిడకి అది తప్ప ఈ హాబీలో అన్నీ ఓకే. ఎలుకపిల్లని ముందు వాసన లేని సబ్బుతో కడిగి బాగా జాడించి ఎలుక వాసన పోగొట్టాలి, తడి ఆరకముందే కరిగించిన తోకని ముక్కు నుంచి భుజాల దాకా రుద్దాలి, పాము ముందు తల వైపు నుంచే మింగుతుంది కాబట్టి. నాలుక ఆడించే వేగం మారితే పని జరిగినట్టే. రెండు మూడుసార్లు తిన్నాక రుద్దడం కొంచెం కొంచెం తగ్గించండి. కొమ్ముల తొండని మాత్రం ఎక్కడ కనిపించినా ముట్టొద్దు, టెక్సాస్‌లో దానికి చట్టం రక్షణ ఉంది.

తిన్నాక మూడు రోజులు టబ్ కదపొద్దు. నేను పట్టిన మొదటి మగది మూడు వారాల ఉపవాసం తర్వాత తింది, ఆ సంతోషంలో మర్నాడే చేతిలోకి తీసుకుని బావమరిదికి వీడియో కాల్‌లో చూపించా, రాత్రికి కక్కేసింది. తర్వాత పది రోజులు నీళ్ళు తప్ప ఏమీ పెట్టకుండా, ఆ తర్వాత మామూలులో సగం సైజుది పెట్టి, మళ్ళీ దారిలో పడేసరికి రెండు నెలలు. వంటింటి డిజిటల్ త్రాసు లాంటిది ఒకటి కొని వారం వారం గ్రాములు రాసుకోండి, కంటి లెక్క అబద్ధం చెప్తుంది.

పట్టిన ఏడాది పిల్లల ఆలోచన వద్దు. ఒక ఏడాది నిండా తిని, ఆడది 200 గ్రాములు బాగా దాటాక చూద్దాం. ఆల్టర్నాకి చలికాలం కావాలి, లేకపోతే మగదానికి కబురు అందదు. నేను మన పంచాంగమే వాడతా, గుర్తుంటుంది. నాగుల చవితికి ఆఖరి భోజనం, మా అమ్మ పుట్టలో పాలు పోసే రోజు నేను ఇక్కడ ఎలుక పెడతా, ఎవరి భక్తి వాళ్ళది. తర్వాత రెండు మూడు వారాలు వేడి అలాగే ఉంచాలి కానీ తిండి ఉండదు, కడుపు పూర్తిగా ఖాళీ అవ్వాలి, లేదంటే చలిలో లోపలే కుళ్ళి చచ్చిపోతుంది. నవంబర్ చివర్లో మెల్లిగా దించుతూ 12 సెల్సియస్ దగ్గర నిలబెట్టాలి, అంటే 50 నుంచి 55 ఫారెన్‌హీట్ మధ్య. డాలస్‌లో గరాజ్‌ని నమ్మొద్దు, జనవరిలో ఒకరోజు గడ్డకట్టి మర్నాడు 75 ఫారెన్‌హీట్ ఉంటుంది. పాత వైన్ ఫ్రిజ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోండి, చీకటిగా స్థిరంగా ఉంటుంది. లోపల నీళ్ళు ఎప్పుడూ ఉండాలి, వారానికోసారి తలుపు తీసి చూస్తే గాలి కూడా మారుతుంది. శివరాత్రికి చలి శివశివా అని పోతుంది అంటారు కదా, అప్పుడే బయటికి తీయాలి, ఒక వారం పట్టించి వేడికి తేవాలి.

తేగానే ఇద్దరికీ చిన్న చిన్నవి ఎక్కువసార్లు పెట్టండి, ముఖ్యంగా ఆడదానికి. చలి తర్వాత ఆడది మొదటి కుబుసం విడిచే దాకా ఆగాలి, మార్చి చివర, ఏప్రిల్‌లో. విడిచిన రెండు మూడు రోజుల్లోపు దాన్ని మగదాని టబ్‌లో పెట్టండి. ఇవి పాముల్ని తినే జాతి అని మర్చిపోకండి, ఇద్దరి కడుపులూ నిండి ఉండాలి, మొదటిసారి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి. మగది ఒళ్ళంతా జెర్క్‌లు ఇస్తూ ఆడదాని వీపు మీద పాకితే మంచి సూచన, మెడ పట్టుకోవడం కూడా మామూలే, కానీ చుట్టేసి నొక్కుతుంటే అది పెళ్ళి కాదు భోజనం, వెంటనే విడదీయాలి. నాలుగు రోజులకోసారి రెండు మూడు సార్లు కలిపితే చాలు.

తర్వాత నెలన్నర, రెండు నెలలు. ఆడది తిండి మానేసి మళ్ళీ కుబుసం విడుస్తుంది, అక్కడి నుంచి ఎనిమిది నుంచి పద్నాలుగు రోజుల్లో గుడ్లు. కుబుసం చూడగానే మూతకి కన్నం పెట్టిన డబ్బాలో తడి నాచు వేసి లోపల పెట్టండి. గుడ్లు ఆరో ఏడో, ఒక్కోసారి మూడే, పదికి మించితే అదృష్టం. ఒకదానికొకటి అతుక్కుని ఉంటే విడదీయొద్దు, ఏ పక్క పైకి ఉందో పెన్సిల్‌తో బొట్టు పెట్టినట్టు చుక్క పెట్టి అలాగే తరలించండి, తిప్పితే లోపల పిల్ల పోతుంది. గుడ్ల కింద వేసే వర్మిక్యులైట్‌కి (తడిని పట్టి ఉంచే తేలికైన ఖనిజం) సమాన బరువు నీళ్ళు, సున్నుండ పిండిలా పిడికిట్లో ముద్ద కట్టాలి, చెయ్యి మాత్రం కారకూడదు. ఇంక్యుబేటర్ 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 26కీ 28కీ మధ్య ఆడినా పర్లేదు, 31 దాటిందంటే వెన్ను వంకర పిల్లలు. గుడ్లు పెట్టేది సరిగ్గా రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, కాబట్టి ఏసీ ఆపేసి ఊరెళ్ళొద్దు, ఇంక్యుబేటర్ వేడి చేయగలదు కానీ చల్లబరచలేదు చాలా మోడళ్ళలో. రెండు నెలలు, రెండున్నర నెలలు పడుతుంది.

పిల్లలు గుడ్డు చీల్చి తల బయటపెట్టి ఒక రోజంతా అలాగే చూస్తుంటాయి, లాగొద్దు. ఈ జాతి తమాషా అంతా అప్పుడే కనిపిస్తుంది. 1901లో బ్రౌన్ అనే ఆయన డేవిస్ మౌంటెన్స్ పాముని చూసి ఆల్టర్నా అని పేరు పెట్టాడు, సన్నటి నల్ల పట్టీలది. 1950లో ఫ్లూరీ అనే ఆయన డ్రైడెన్ దగ్గర దొరికిన వెడల్పు కాషాయం పట్టీలదానికి బ్లెయిరీ అని వేరే పేరే పెట్టాడు. ఆ తర్వాత ఒకే తల్లి గుడ్లలో రెండు రకాలూ పుట్టడం చూసి రెండూ ఒకటే అని తేల్చారు. మీ లాంగ్‌ట్రీ జత పిల్లల్లో ఒకటి కాషాయంగా, దాని తోబుట్టువు పూర్తి బూడిదగా ఉంటే కంగారు పడొద్దు, ఎక్కడో కలగలిసిందని అనుమానించొద్దు.

పిల్లలు వారం పది రోజులకి మొదటి కుబుసం విడిచాక తిండి గొడవ మళ్ళీ మొదటికొస్తుంది, ఈసారి ఎక్కువ. అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల కూడా వీటికి పెద్దదే. చిన్న మూత డబ్బాలో, పెరుగు తెచ్చే కప్పు సైజుది, తడి పేపర్ ముక్కా బల్లి తోక రుద్దిన చిన్న ఎలుకపిల్లా పెట్టి, పిల్లని వేసి, మూత పెట్టి చీకట్లో రాత్రంతా వదిలేయండి. సగం తింటాయి. మిగతా సగానికి బల్లి తోకే ముక్క చేసి పెట్టాలి, ఇంకా మొండికేసినవాటిని తినకుండానే ముందే చలికాలంలోకి పంపితే వసంతంలో తిన్న సందర్భాలున్నాయి, కానీ సన్నగా ఉన్నదాన్ని అలా పంపొద్దు.

ఇక లేబుళ్ళు. ఒక ఏడాది నా దగ్గర లాంగ్‌ట్రీ పిల్లలు ఐదు, రివర్ రోడ్‌వి నాలుగు, లేబుళ్ళు మూతల మీద అంటించా. ఒక ఆదివారం టబ్‌లన్నీ కడిగి ఆరబెట్టి మూతలు పెట్టేటప్పుడు ఫోన్ వచ్చింది, మాట్లాడుతూ పెట్టేశా. సాయంత్రం చూస్తే రెండు టబ్‌ల మీద అనుమానం, ఫొటోలతో పోలిస్తే ఒకటి తేలింది, ఇంకోటి తేలలేదు. తేలనిదాని విలువ ఆ క్షణంలో పోయింది, పాము మాత్రం అదే పాము. ఊరు తెలీదు అని రాసి మా ఆఫీస్ ఫ్రెండ్ కొడుక్కి పెంచుకోవడానికిచ్చా, బాగానే ఉంది వాళ్ళింట్లో. అప్పటి నుంచి లేబుల్ టబ్ ఒంటి మీద, ఇంకో నకలు లోపల నీళ్ళ గిన్నె అడుగున, ప్రతి పిల్ల మెడ పట్టీల ఫొటో ఫోన్‌లో. పట్టీలు వేలిముద్రల్లాంటివి, పెద్దయినా మారవు.

ఎక్కువైతే బయట వదిలేద్దాం అనే మాట ఎప్పుడూ రానీయొద్దు, పట్టిన చోటే అయినా సరే, మన రూమ్‌లో అంటుకున్న జబ్బు రాతి గోడ మొత్తానికి పోతుంది. స్పెయిన్ వాళ్ళ గ్రాన్ కనారియా ద్వీపంలో ఎవరో పెంచుకున్న కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌లు బయటపడి, 1998 నుంచి కనిపిస్తూ, ఇప్పుడు అక్కడి పెద్ద తొండల్ని కొన్ని చోట్ల దాదాపు లేకుండా చేశాయి. వద్దనుకుంటే అదే లొకాలిటీ పెంచేవాళ్ళకివ్వండి, వాళ్ళ మగది ఒకటి మార్చుకుంటే మీ తర్వాతి తరం అన్నాచెల్లెళ్ళ జత కాకుండా ఉంటుంది.

ఇచ్చేటప్పుడు చీటీ మీద నేను రాసేది ఇంతే: వాల్ వెర్డే కౌంటీ, లాంగ్‌ట్రీ, తల్లిదండ్రులిద్దరూ అడవివి, ఇద్దరినీ పట్టిన తేదీలు, మైల్ మార్కర్లు, ఇది మొదటి తరం, గుడ్డు పెట్టిన తేదీ, పిల్ల బయటికొచ్చిన తేదీ, ఆఖర్న తిన్నది ఏంటి, బల్లి రుద్దాలా వద్దా.